నలుపు మీద పసుపు ఎందుకు నిలవదు

నల్ల ప్రైమర్ (రంగులకు ముందు వేసే అడుగు పూత) కొట్టి ఆరబెట్టిన 32 మిల్లీమీటర్ల మినియేచర్, అంటే బల్ల మీద ఆడే యుద్ధ ఆటల చిన్న బొమ్మ. దాని భుజం మీది శాలువాకు పసుపు కావాలి. సీసాలో చూస్తే రంగు పండు నిమ్మకాయలా ఉంది. మొదటి పూత వేస్తే వేసినట్టే ఉండదు. రెండో పూతకు బావి గోడ మీది పాచి రంగు తేలుతుంది. మూడో పూతకు, నాలుగో పూతకు మచ్చలు: గుంటల్లో పసుపు, అంచుల మీద నలుపు. ఐదో పూతకు పసుపు వచ్చిందనుకునేసరికి శాలువా మడతలన్నీ రంగుతో పూడిపోయి ఉంటాయి.

చేయి ఇంకా తిరగలేదని చాలామంది ఇక్కడే డీలా పడతారు. ఇందులో చేతి తప్పు చాలా తక్కువ. కప్పే పనిని పసుపుకు అప్పగించడం దగ్గరే వ్యవహారం చెడింది. కప్పే పని మరో రంగుకు ఇచ్చి, పసుపును ఆఖర్న రంగు చూపడానికి మాత్రమే పిలిస్తే, నలుపు మీద కూడా అది రెండు పలచటి పూతల్లో కూర్చుంటుంది. ఎందుకన్నది అర్థమైతే ఏ కంపెనీ సీసా చేతిలో ఉన్నా పని నడుస్తుంది. అందుకని ముందు ఆ సంగతి చూద్దాం.

ఎప్పటికీ ఆరని ముగ్గు

బియ్యప్పిండి నీళ్లలో కలిపి తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తే, తడిగా ఉన్నంతసేపు గీత సరిగా కనిపించదు. ఎండ తగిలి ఆరాక తెల్లగా మెరుస్తుంది. సున్నం కొట్టిన గోడా అంతే. కొడుతున్నప్పుడు పాత గోడ కనిపిస్తూనే ఉంటుంది, మధ్యాహ్నానికి తెల్లబడుతుంది. పిండి మారలేదు, సున్నమూ అప్పటికి పెద్దగా మారలేదు. రేణువుల చుట్టూ ఉన్న నీళ్లు పోయి ఆ స్థానంలోకి గాలి వచ్చింది, అంతే.

వెలుగు ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. రెంటి వక్రీభవన గుణకాల (వెలుగును ఎంత వంచుతాయో చెప్పే సంఖ్యల) మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత వెలుగు తిరిగొస్తుంది. గాలికి 1, నీళ్లకు 1.33, ఆరిన సున్నానికి సుమారు 1.6. నీళ్లలో తేడా 0.27 మాత్రమే, కాబట్టి వెలుగు లోపలికి దూరిపోయి గోడను తాకుతుంది. గాలిలో తేడా 0.6, కాబట్టి వెలుగు రేణువుల దగ్గరే చెదిరి మన కంటికి చేరుతుంది. ఒక రంగు కింది పొరను కప్పడం అంటే ఇదే.

అక్రిలిక్ రంగు ఆరినప్పుడు నీళ్లు పోయినా ఆ చోటు గాలికి దొరకదు. రేణువు చుట్టూ అక్రిలిక్ ప్లాస్టిక్ పొర బిగుసుకుంటుంది. దాని గుణకం దాదాపు 1.5. కాబట్టి గుణకం తక్కువున్న రేణువు అక్రిలిక్‌లో ఎప్పటికీ ఆరని ముగ్గులాగే ఉండిపోతుంది. టైటానియం తెలుపుకు గుణకం 2.7 దాకా ఉంటుంది, అందుకే అది కప్పుతుంది. జింకు తెలుపుకు 2, అందుకే అది సగం సగంగా కప్పుతుంది. మెరిసే నిమ్మ పసుపులకు వాడే సేంద్రియ (కార్బన్ రసాయనాలతో చేసిన) పిగ్మెంట్లలో, అంటే రంగునిచ్చే పొడుల్లో, చాలావాటి గుణకం అక్రిలిక్‌కు దగ్గర్లోనే ఉంటుంది. అవి పసుపు గాజు పెంకుల్లాంటివి. తెల్ల కాగితం మీద గాజు పెంకు పెడితే వెలుగు దాంట్లోంచి దిగి, కాగితాన్ని తాకి, మళ్లీ గాజులోంచి పైకి వస్తుంది, పసుపు ధగధగలాడుతుంది. అదే పెంకును బొగ్గు మీద పెడితే దిగిన వెలుగు బొగ్గులోనే ఆగిపోతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. రంగు రేణువుల్ని పట్టి ఉంచే అక్రిలిక్ బైండర్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి తనే కొంత వెలుగును చెదరగొడుతుంది. ఆరాక అద్దంలా స్వచ్ఛమవుతుంది. అందుకే తడి పూత బాగానే కప్పినట్టు కనిపించి, పది నిమిషాల్లో నల్లగా దిగజారుతుంది. తడి పూతను చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

పసుపుకే ఎందుకీ గతి

నీలం, ముదురు ఎరుపు పిగ్మెంట్లలోనూ పారదర్శకమైనవి బోలెడు ఉన్నాయి. వాటితో ఇంత గొడవ ఉండదు. కారణం, అవి స్వతహాగా చీకటి రంగులు. కింద నలుపు ఉన్నా నీలం కాస్త ముదురు నీలమవుతుంది, చూసేవాళ్లకు అది తప్పుగా తోచదు.

పసుపు అలా కాదు. కంప్యూటర్ తెరల లెక్కల్లో తెలుపు వెలుతురును 100 అనుకుంటే అందులో ఎరుపు వాటా 21, ఆకుపచ్చ వాటా 72, నీలం వాటా 7. తెలుపులోంచి నీలాన్ని మాత్రం తీసేస్తే మిగిలేదే పసుపు, అంటే 93. నిండు పసుపు వెలుతురులో తెలుపుకు పక్కింటిది. దాన్ని 50కి దించితే ముదురు పసుపు రాదు. మన కంటికి అది వేరే రంగే: పాచి, ఎండుగడ్డి, మిలిటరీ బట్ట. ముదురు నీలం ఉంది, ముదురు ఎరుపు ఉంది, ముదురు పసుపు అనేది కంటికి లేదు. పసుపు పిగ్మెంటులో చిటికెడు నలుపు కలిపి చూడండి, ఆకుపచ్చ వైపే పోతుంది.

తెలుగులో పచ్చ అనే మాట పసుపుకూ ఆకుపచ్చకూ రెంటికీ చెల్లుతుంది: పచ్చకామెర్లు అంటే ఒకటి, పచ్చని చేను అంటే ఇంకొకటి. బ్రష్ కింద ఆ రెంటి మధ్య గీత మాటలో ఉన్నంత పలచన.

పసుపు ఇలా ఆకుపచ్చగా తిరగడానికి రెండో కారణం పొగలో కనిపిస్తుంది. కట్టెల పొయ్యి పొగ, మసిబారిన దూలాల ముందు నీలంగా కనిపిస్తుంది. సన్నటి రేణువులు నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి, వెనకాల చీకటి ఉంటే ఆ నీలం బయటపడుతుంది. నల్ల ప్రైమర్ మీద పలచటి తెలుపు పూత వేస్తే అది బూడిద నీలంగా తేలేదీ ఇందుకే. దాని మీద పసుపు వేస్తే నీలం మీద పసుపు వేసినట్టే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు దీన్నే కావాలని చేస్తారు. గుడ్డ మీద ఆకుపచ్చ కావలసిన చోట ముందు నీలిమందు నీలం వేసి, దాని మీద పసుపు పూస్తారు. బొమ్మ మీద అదే పని మనకు తెలియకుండా జరిగిపోతోంది.

సీసాలో ఏముందో తెలుసుకోవడం

ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబుల వెనక పిగ్మెంటు సంఖ్య ఉంటుంది. పీవై అంటే పసుపు పిగ్మెంటు. పీవై 3, పీవై 74 కనిపిస్తే అది మెరిసే, చాలావరకు కప్పని సేంద్రియ పసుపు. పీవై 35 కాడ్మియం, పీవై 184 బిస్మత్ వనడేట్: ఇవి నిండుగానూ ఉంటాయి, బాగానూ కప్పుతాయి, ఖరీదూ ఎక్కువే. పీవై 53 నికెల్ టైటానియం బాగా కప్పుతుంది గాని కాస్త పాలిపోయిన నిమ్మరంగు. పీవై 42 ఇనుప ఆక్సైడు, మనం ఓకర్ అనేది. చౌక, గట్టిగా కప్పుతుంది, మెరుపు మాత్రం ఉండదు. పేరు చివర హ్యూ అని ఉంటే, ఉదాహరణకు కాడ్మియం ఎల్లో హ్యూ, లోపల కాడ్మియం లేదని అర్థం. ఆ పేరు చూసి కప్పుతుందని ఆశపడకూడదు.

పీవై 34 అంటే క్రోమ్ పసుపు, సీసం కలిసిన లవణం. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందటి ఎనామిల్ డబ్బా ఇంట్లో ఏమూలనో ఉంటే దాన్ని బొమ్మలకు తేవద్దు. కాడ్మియం రంగుల్ని ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పరికరంతో) కొట్టకండి, బ్రష్ మొన తీర్చడానికి నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానుకోండి.

మినియేచర్ రంగుల సీసాల మీద ఈ సంఖ్యలు చాలామటుకు ఉండవు. అక్కడ శ్రేణి పేరు చూడాలి. సిటడెల్ కంపెనీ రంగుల్లో ఆవర్లాండ్ సన్‌సెట్ బేస్ శ్రేణిది, కప్పడానికి చేసింది. ఫ్లాష్ గిట్జ్ ఎల్లో లేయర్ శ్రేణిది, కప్పిన దాని మీద వేయడానికి చేసింది. రెండోదాన్ని నేరుగా నలుపు మీద వేసి తిట్టుకోవడం అన్యాయం. వయెహో కంపెనీ మోడల్ కలర్ శ్రేణిలో ఎల్లో ఓకర్, ఐస్ ఎల్లో (లేత పసుపు) అనే రెండు సీసాలుంటే ఈ పనిలో సగం అయినట్టే.

ఏ రంగుకైనా ఒక పరీక్ష చాలు. అట్టముక్కలో సగం నలుపు, సగం తెలుపు వేసి ఆరనివ్వండి. రెంటి మీదుగా ఒకే గీతలో పసుపు లాగి, పూర్తిగా ఆరాక చూడండి. రెండు సగాల మధ్య తేడా ఎంత ఉందో అదే ఆ సీసా జాతకం. ఉన్న పసుపులన్నింటికీ ఒకే అట్ట మీద ఈ పరీక్ష చేసి గోడకు అంటించుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది.

అసలు నలుపుతో మొదలుపెట్టాలా

బొమ్మలో మూడింట రెండు వంతులు పసుపే అయితే వద్దు. వార్‌హ్యామర్ ఆటలో ఇంపీరియల్ ఫిస్ట్స్ లాంటి నిండు పసుపు సైన్యానికి నల్ల ప్రైమర్ కొట్టడం అంటే పనిని మూడింతలు చేసుకోవడమే. లేత గోధుమ రంగో ఇసుక రంగో స్ప్రే చేసి మొదలుపెట్టండి.

కానీ ఇనుప కవచం, తోలు పట్టీలు, చీకటి మడతలు ఎక్కువగా ఉండి, పసుపు ఒక శాలువాకో జెండాకో పరిమితమైతే నలుపే మేలు. బ్రష్ చేరని మూలలు వాటంతట అవే నీడలవుతాయి, లోహపు రంగులు నలుపు మీద బాగా పలుకుతాయి. అలాంటి బొమ్మ కోసమే కింద చెప్పే దారి.

జాజు, ఓకర్, ఆ తర్వాతే పసుపు

ఊళ్లలో అరుగులకూ గోడలకూ పూసే జాజు ఇనుప ఆక్సైడే. ఎంత పలచగా పూసినా కింది మట్టిని కప్పేస్తుంది. మనకు కావలసిన మొదటి పూత ఆ రంగే: ఎర్రటి గోధుమ. ఇనుప ఆక్సైడు ఎరుపుకు గుణకం చాలా ఎక్కువ, కాబట్టి నలుపును ఒకటి రెండు పూతల్లో మింగేస్తుంది. పైగా వెచ్చటి రంగు కాబట్టి, పొగలాంటి నీలం ఏమైనా తేలినా అణిచేస్తుంది.

రెండు చుక్కల రంగుకు ఒక చుక్క నీళ్లు. సైజు 2 గుండ్రటి బ్రష్. శాలువా అంతటా ఒక పూత, ఆరాక అవసరమైన చోట మరొకటి. మడతల అట్టడుగున కొంచెం నలుపు మిగిలినా పరవాలేదు. పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలితో తాకితే ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది, తొందరపడి మళ్లీ బ్రష్ లాగితే కింది పూత పొక్కిలిగా లేచి నలుపు బయటపడుతుంది. పసుపు పనిలో చాలా మచ్చలు ఇలా పుట్టినవే.

తర్వాత ఓకర్. మళ్లీ రెండుకు ఒకటి. ఈసారి మడతల లోపల గోధుమను వదిలేసి, మిగతా అంతా రెండు పూతలు వేయాలి. ఇక్కడితో నలుపు లెక్కలోంచి పోయింది. శాలువా ఎండిన మామిడి తాండ్రలా ముదురుగా కనిపిస్తుంది, అలాగే ఉండాలి.

మూడోది అందరూ దాటేసే మెట్టు, ఫలితం తేలేదీ ఇక్కడే. ఓకర్‌లో సమానంగా ఐస్ ఎల్లోనో దంతపు తెలుపో లేత చర్మం రంగో కలిపి, వెలుగు పడే భాగాలన్నింటికీ వేయండి: భుజం పైభాగం, మడతల వీపులు, అంచులు. పసుపు తన వెంట వెలుతురు తెచ్చుకోదు, కింద ఎంత ఉంటే అంతే చూపిస్తుంది. ఆ వెలుతురును మనం ముందే పరిచిపెట్టాలి. సరిపోయిందో లేదో తెలియడానికి ఫోన్‌లో ఒక ఫోటో తీసి నలుపు తెలుపుకు మార్చండి. శాలువా పైభాగం బాగా లేత బూడిదగా కనిపించాలి. మధ్యరకం బూడిదగా కనిపిస్తే పసుపు సీసా మూత ఇంకా తీయకూడదు.

ఇప్పుడు పసుపు. రెండు చుక్కల రంగు, ఒక చుక్క మ్యాట్ మీడియం (రంగు కలపని, మెరుపు లేని అక్రిలిక్ ద్రవం), ఒక చుక్క నీళ్లు. ఒట్టి నీళ్లతోనే పలచన చేస్తే బైండర్ చాలక పొర బలహీనపడుతుంది, ఆరేటప్పుడు చుక్క అంచున రంగంతా పేరుకుని వలయాలు పడతాయి. మీడియం వేస్తే పలచబడినా పొర నిలుస్తుంది. బ్రష్ ముంచాక టిష్యూ మీద ఒకసారి ఒత్తి, నీడ నుంచి వెలుగు వైపు లాగండి. గీత ఎక్కడ ముగిస్తే రంగు అక్కడ ఎక్కువగా దిగుతుంది. వెలుగు నుంచి నీడ వైపు లాగితే మడత లోపల పసుపు గుంట కట్టి, అంచు బోసిపోతుంది. రెండు పూతలు చాలు. మూడోది అవసరమనిపిస్తే లోపం పసుపులో లేదు, కిందటి మెట్టులో ఉంది. వెనక్కి వెళ్లి అక్కడ లేతపరచాలి.

అంచుల సంగతి వేరేగా చెప్పాలి. తడి రంగు తలతన్యత వల్ల పదునైన అంచుల మీద నిలవక జారిపోతుంది. వెలుగు ఎక్కువ కావలసిన చోటే పూత పలచనవుతుంది, నలుపు అక్కడే తొంగిచూస్తుంది. అందుకని పసుపుకు ముందే అంచుల మీద దంతపు తెలుపును పొడి బ్రష్‌తో, అంటే రంగు దాదాపు అంతా తుడిచేసిన బ్రష్‌తో, రుద్దడం మంచిది. చివరి వెలుగుకు పసుపులో సగానికి సగం దంతపు తెలుపు కలిపి, సైజు 0 బ్రష్ పక్కభాగంతో అంచు మీద తేలిగ్గా లాగండి. శుద్ధ తెలుపు కలిపితే సుద్దముక్కలా చల్లబడుతుంది.

మొత్తం ఏడెనిమిది పూతలయ్యాయి కదా, ఐదు పూతల పసుపు కంటే ఇది మేలెలా అని అడగవచ్చు. ఇవన్నీ పలచటివి, కొన్ని భాగాలకే పడ్డవి. మడతలు మడతల్లాగే ఉన్నాయి, నీడలు కూడా పనిలో పనిగా వచ్చేశాయి.

తెలుపు దారి, గులాబీ దారి

ఎండలో మెరిసే నిమ్మ పసుపే కావాలంటే ఓకర్ దారిలో రాదు, అది చామంతి పసుపు దగ్గరే ఆగుతుంది. నిమ్మరంగుకు కింద తెలుపు ఉండాల్సిందే. అయితే నలుపు మీద నేరుగా పలచటి తెలుపు వేయకండి, పొగ సంగతి చెప్పుకున్నాం. జాజు మీద దంతపు తెలుపు, దాని మీద టైటానియం తెలుపు. లేదా తెలుపులోనే పావు చుక్క ఓకర్ కలిపి వెచ్చబరచండి.

పైనుంచి వెలుగు పడ్డట్టు నలుపు మీద తెలుపు స్ప్రే చేసి, దాని మీద కాంట్రాస్ట్ తరహా పారదర్శక రంగు ఒక్క పూత వేసే పద్ధతి, సిటడెల్ 2019లో కాంట్రాస్ట్ రంగులు తెచ్చాక బాగా వాడుకలోకి వచ్చింది. ఎరుపుకూ నీలానికీ అది చక్కగా పనిచేస్తుంది. పసుపుకు మాత్రం నలుపు తెలుపుల మధ్య వచ్చే బూడిద భాగమంతా ఆకుపచ్చగా తేలుతుంది. నలుపు, బూడిద, తెలుపు పొడి బ్రష్‌తో రుద్దినా అదే ఫలితం. తెలుపు బదులు ముదురు గోధుమ నుంచి దంతపు రంగు దాకా వెళ్తే అదే పద్ధతి పసుపుకూ నప్పుతుంది.

గులాబీ రంగు మీద పసుపు వేయడం వింతగా తోచవచ్చు గాని దాని లెక్క సూటిగా ఉంది. గులాబీలోంచి ఎరుపు నిండుగానూ, ఆకుపచ్చ, నీలం కొంతకొంతగానూ వస్తాయి. పైన వేసిన పసుపు ఆ నీలాన్ని మింగేస్తుంది, ఎరుపు వాటా పైకి వస్తుంది. పండిన మామిడి చెక్కిలి మీద కనిపించే ఎర్రజీర అలాంటిది. బట్టలకు, చర్మం దగ్గరి పసుపులకు బాగుంటుంది. యంత్రాలకూ కవచాలకూ ఓకరే నప్పుతుంది.

నీడలు

పసుపును నలుపుతో చీకటి చేయకూడదని ఈపాటికి తెలిసిపోయింది. నారింజ గోధుమ, సెపియా, ఎర్ర గోధుమ వాడాలి. వాష్‌ను (నీళ్లలా పలచటి నీడ రంగును) బొమ్మంతా ముంచెత్తితే కష్టపడి తెచ్చిన వెలుతురంతా మసకబారుతుంది, మడతల్లోనే గీతగా దింపండి. కవచం పలకల మధ్య గీతలకు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి ఒక రాత్రి ఆరనిచ్చి, ఆయిల్ రంగు బర్న్‌ట్ సియెన్నాను వైట్ స్పిరిట్‌లో పలచగా కలిపి గీతల్లోకి వదిలితే దానంతటదే పాకుతుంది. పక్కలకు పొంగినది అరగంట తర్వాత శుభ్రమైన బ్రష్‌తో తుడిచేయవచ్చు. వార్నిష్ లేకుండా చేస్తే పసుపు పొర ఆ నూనెను పీల్చుకుని మరక మిగులుతుంది.

తిరుపతి ఎండ, డిసెంబరు తేమ

మే నెలలో తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడిలో స్ప్రే రంగు బొమ్మను చేరేలోపే గాలిలో సగం ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. గరుకు మీద పసుపు మరీ అధ్వానం, గుంటల్లో రంగు, గింజల మీద నలుపు. ఉదయం ఏడు లోపు కొట్టండి, డబ్బా రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆపకుండా పక్కకు కదుపుతూ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు ఇంకో తంటా. తేమ పట్టి స్ప్రే పూత తెల్లగా పాలిపోతుంది. వాన వెలిసి ఎండ వచ్చిన రోజు కోసం ఆగడమే మంచిది.

ఫ్యాన్ కింద కూర్చుంటే బ్రష్ మొన మీదే రంగు ఆరుతుంది. పలచటి పసుపుకు ఇది పెద్ద చేటు, సగం ఆరిన రంగు గీతలు గీతలుగా పడుతుంది. గాలి మీ మీద పడేలా, బల్ల మీద పడకుండా ఫ్యాన్ తిప్పుకోండి. మూతపెట్టే టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం పరిస్తే, కలిపిన రంగు ఆరిపోకుండా ఉంచే తడి ప్యాలెట్ తయారు. బటర్ పేపర్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని నీళ్లు పీల్చి ముడతలు పడతాయి, కొన్ని మైనం వల్ల నీళ్లనే పైకి రానివ్వవు. కొనేముందు ఒక ముక్క తడిపి చూడండి.

బోరు నీళ్లు ఉప్పు నీళ్లయితే పలచటి పూత ఆరాక తెల్లటి పొడిచారలు కనిపించవచ్చు. రంగు కలపడానికి ఫిల్టర్ నీళ్లు వాడండి, చెంచాడు చాలు. ఇక దీపం: 2700 కెల్విన్ (వెలుగు రంగు కొలత) పసుపు వెలుగు బల్బు కింద పసుపూ దంతపు తెలుపూ ఒకటే అనిపిస్తాయి. రాత్రిపూట సరిపోయిందనుకున్న వెలుగుజీరలు పొద్దున్నే వెలవెలబోతాయి. 5000 కెల్విన్ దగ్గరి తెల్ల దీపం, లేదా కిటికీ వెలుతురు కావాలి.

ఇప్పటికే ఆకుపచ్చగా తిరిగి ఉంటే

పూత ఇంకా పలచగానే ఉండి, మడతలు పూడకపోతే బొమ్మను కడగనక్కర్లేదు. పచ్చదనానికి విరుగుడు ఎరుపు. నారింజ రంగును ఒకటికి నాలుగు వంతుల మీడియంతో గ్లేజుగా (పారదర్శకమైన పలచటి పూతగా) చేసి ఒక పూత వేస్తే పాచి రంగు గోధుమకు తిరుగుతుంది. అక్కడి నుంచి ఓకర్‌తో దారిలో పడవచ్చు. దాని మీద మళ్లీ పసుపే వేస్తూ పోవద్దు.

రంగు పేరుకుపోయి ఉంటే తీసేయడమే. ప్లాస్టిక్, లోహపు బొమ్మలకు ఇంట్లో ఉండే డెటాల్ చాలు. నీళ్లు కలపకుండా మునిగేలా పోసి, ఒక రాత్రి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. రుద్దేటప్పుడు నీళ్లు తగిలితే ఊడిన రంగు జిగురుగా మారి మళ్లీ అంటుకుంటుంది, అందుకని మొదటి కడుగుడు కూడా డెటాల్‌తోనే, సబ్బునీళ్లు ఆ తర్వాత. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరవండి. త్రీడీ ప్రింటరులో తీసిన రెజిన్ బొమ్మల్ని మాత్రం అంతసేపు నానబెట్టకండి, కొన్ని రెజిన్లు మెత్తబడతాయి. పీఠం అడుగున ఒక మూల పరీక్షించాకే ముంచాలి.

కొన్నిచోట్ల పని వరుస మారిస్తే సమస్యే రాదు. యంత్రాల మీద వేసే నలుపు పసుపు హెచ్చరిక చారల్ని నలుపు మీద పసుపు గీతలుగా వేయడం దండగ. ఆ పలక మొత్తం పసుపు చేసి, ఆరాక నల్ల చారలు గీయండి, నలుపు ఒక్క పూతలో కప్పుతుంది. గీత వంకరపోతే పసుపుతో దిద్దకుండా, ముందు ఓకర్‌తో దిద్ది ఆ పైన పసుపు పెట్టాలి. పసుపు డెకాల్ (తడిపి అతికించే అచ్చు గుర్తుల) కాగితాలూ అంతే. అచ్చు సిరా పారదర్శకం కాబట్టి, కింద తెలుపు అచ్చు లేని డెకాల్ నల్ల భుజకవచం మీద ఆకుపచ్చగా మాయమవుతుంది. డెకాల్ ఆకారానికి కాస్త లోపలగా దంతపు తెలుపు మచ్చ వేసి, గ్లాసీ వార్నిష్ మీద అతికించండి.